మీ ఊరి చెరువు మీద పుస్తకం రాయడం ఎలా?

"మా ఊరి మీద ఒక పుస్తకం రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. రిటైరైన ఉద్యోగులు, ఊళ్లోనే ఉంటున్న టీచర్లు, విదేశాల్లో స్థిరపడి సెలవుల్లో వచ్చిపోయేవాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. అందరికీ నేను చెప్పేదీ ఒకటే. ఊరు మొత్తాన్ని తలకెత్తుకోకండి. చెరువును పట్టుకోండి.

ఊరు మొత్తం రాద్దామని కూర్చున్న పుస్తకం సాధారణంగా గ్రామదేవత కథతో మొదలై, సర్పంచుల జాబితా మీదుగా, ఊరికి పేరు తెచ్చిన డాక్టర్ల ఫోటోల దగ్గర ముగుస్తుంది. ఊరివాళ్లు తమ ఇంటిపేరు ఉందో లేదో చూసుకుని పక్కన పెడతారు. పై ఊరివాళ్లు అసలు తెరవరు. చెరువు అలా కాదు. ఎవరు తవ్వించారన్నది చరిత్ర. ఏ పిట్టలు వస్తాయి, ఏ చేపలు పోయాయి అన్నది ప్రకృతి. మీరు ఈత నేర్చుకున్నదీ, మీ అమ్మ బట్టలుతికిందీ అక్కడే కాబట్టి సొంత అనుభవానికీ చోటుంది. మూడూ కలిసే చోటు పల్లెలో ఇంతకంటే మంచిది దొరకదు. మీ ఊరికి చెరువు లేకపోతే వాగో, కాలువో, కొండో, సంతో ఎంచుకోండి. పద్ధతి మారదు.

కావలసినవి

గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకాలు రెండు. ఒకటి విన్నవి రాయడానికి, ఇంకోటి చెరువు దగ్గర చూసినవి రాయడానికి. ఈ రెండింటినీ కలపకండి. రికార్డింగ్‌కు, ఫోటోలకు ఫోన్ చాలు. పవర్ బ్యాంక్ ఉంటే మంచిది. టేపు, టార్చిలైటు, చవకరకం బైనాక్యులర్స్. కంప్యూటర్‌లో లేదా ఫోన్‌లో యూనికోడ్ తెలుగు టైపింగ్. అన్నింటికంటే ముఖ్యంగా కనీసం ఒక ఏడాది కాలం. తొలకరి నుంచి నడి ఎండాకాలం దాకా చూడనివాళ్లు చెరువు గురించి సగమే రాయగలరు.

1. ముందు ఒక పేజీ రాయండి

ఏ పుస్తకం, ఏ కాగితం చూడకుండా, చెరువు గురించి మీకు గుర్తున్నదంతా ఒక పేజీలో రాయండి. ఆ తర్వాత ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం వేయండి. మీరు కళ్లారా చూసిందైతే "చూ", ఎవరో చెబితే విన్నదైతే "వి", ఎక్కడో చదివిందైతే "చ".

చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం కలుగుతుంది. "మా చెరువు కాకతీయులు తవ్వించారు" అనే వాక్యం పక్కన "వి" పడుతుంది. ఎవరు చెప్పారో గుర్తుండదు. ఈ మూడు అక్షరాల పద్ధతిని పుస్తకం అచ్చుకు వెళ్లేదాకా వదలకండి. మీరు చూసిందేదో, విన్నదేదో, చదివిందేదో పాఠకుడికి తెలిసేలా రాస్తే పుస్తకం మీద నమ్మకం దానంతటదే కుదురుతుంది. మూడింటినీ కలిపేసి రాస్తే నిజం కూడా కట్టుకథలాగే వినిపిస్తుంది.

2. పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి, కాగితాల దగ్గరికి తర్వాత

కాగితాలు ఎక్కడికీ పోవు. ఎనభై దాటిన మనుషుల కోసం ఆగడానికి వీల్లేదు.

ఎవరిని అడగాలన్నది ముఖ్యం. చాలా పుస్తకాలు కరణంగారి ఇంట్లోనో, పటేల్‌గారి ఇంట్లోనో విన్నదాంతో సరిపెట్టుకుంటాయి. చెరువు సంగతి వాళ్లకు తెలిసింది కొంతే. తూము తెరిచి నీళ్లు పారించిన నీరటి కుటుంబం, కట్టకు మట్టి మోసిన వడ్డెరలు, వల వేసిన బెస్తలు, ముదిరాజులు, గట్టున బట్టలుతికిన చాకలివాళ్లు, నాట్లేసిన ఆడవాళ్లు, వీళ్లలో ప్రతి ఒక్కరికీ వేరే చెరువు తెలుసు. ఏ రేవులో ఎవరిని నీళ్లు ముంచుకోనిచ్చేవాళ్లు కాదో దళితవాడలోనే తెలుస్తుంది. ఆ సంగతి రాయకుండా చెరువు అందాన్ని మాత్రం వర్ణిస్తే అది అబద్ధంతో సమానం.

ఎలా అడగాలి? "ఆ రోజుల్లో ఎలా ఉండేది తాతా?" అంటే "ఏముంది నాయనా, బంగారం లాంటి రోజులు" అనే జవాబే వస్తుంది. చేతికి తగిలే ప్రశ్న వేయండి:

- "అవ్వా, అలుగు దూకినప్పుడు చేపలు ఎవరు పట్టేవాళ్లు? ఎలా పంచుకునేవాళ్లు?"
- "తూము తెరిచే ముందు ఏం చేసేవాళ్లు? ఎవరు చెబితే తెరిచేవాళ్లు?"
- "కట్టకు గండి పడిన ఏడాది మీ ఇంట్లో ఏం తిన్నారు?"
- "నీరటికి కూలి ఎట్లా ఇచ్చేవాళ్లు? గింజలా, మాన్యమా?"

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు "అమ్మమ్మా, ఇది రికార్డు చేస్తున్నాను, పుస్తకంలో మీ పేరు వేయవచ్చా?" అని అడిగి, ఆ జవాబు కూడా రికార్డులో ఉండేలా చూడండి. వద్దంటే పేరు లేకుండా వాడండి. కొడుకులు, కోడళ్లు పక్కన కూర్చుని జవాబులు అందిస్తుంటే వాళ్లను కాసేపు వేరే పనిమీద పంపండి. ఇది మర్యాదగా చేయాల్సిన పనే, కానీ చేయాల్సిందే.

హెచ్చరిక: చెరువు నిండి నీళ్లు పొర్లిపోయే చోటును వాళ్లు అలుగు అన్నా, మత్తడి అన్నా, కలుజు అన్నా ఆ మాటే రాయండి. అచ్చుపుస్తకం భాషలోకి దిద్దితే మీ ఊరు మాయమైపోతుంది.

3. తేదీలు తేల్చండి

ఎక్కువ పుస్తకాలు తప్పేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

పెద్దవాళ్లకు సంవత్సరం గుర్తుండదు, సంఘటన గుర్తుంటుంది. కాబట్టి తేదీ తెలిసిన సంఘటనను పక్కన పెట్టి అడగండి. "స్కైలాబ్ పడుతుందని అందరూ భయపడ్డప్పుడు చెరువులో నీళ్లున్నాయా?" అంటే అది 1979 జూలై. "పట్టపగలు చీకటి పడిన గ్రహణం" అంటే 1980 ఫిబ్రవరి 16. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. తెలంగాణలో అయితే పోలీస్ చర్య, 1948 సెప్టెంబరు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్. కర్నూలు మునిగింది 2009 అక్టోబరు. ఈ జాబితా రాసుకుని జేబులో పెట్టుకోండి, దానికి మీ ప్రాంతం సంఘటనలు కలపండి.

కొందరు తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. అరవై ఏళ్లకొకసారి అదే పేరు మళ్లీ వస్తుంది. నందన అంటే 1832, 1892, 1952, 2012. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువు 1832లో మొదలైంది. "నందనలో నా పెళ్లి" అని ఒక అవ్వ అంటే అది 1952. పైగా ఏడాది ఉగాదితో మారుతుంది, జనవరితో కాదు. నందన మాఘమాసంలో పెళ్లంటే ఇంగ్లిషు లెక్కలో 1953.

కాగితాల మీద ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940–41. ఆంధ్ర ప్రాంతంలో ఈ లెక్క జూలైతోనూ, నిజాం ఇలాకాలో అక్టోబరుతోనూ మొదలవుతుంది. శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలపాలి. సంవత్సరం చివరి నెలలైతే ఒక్కోసారి 79 అవుతుంది.

సరిచూసుకునే దారి: కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం శక 1291 నాటిది. 78 కలిపితే 1369. ఆ ఏడాది పేరు సౌమ్య. అరవై పేర్లలో మొదటిది ప్రభవ. 1927 ప్రభవ నుంచి అరవైలు వెనక్కి లెక్కేస్తే 1327 ప్రభవ, దాంతో కలిపి నలభై మూడోది సౌమ్య, అంటే 1369. రెండు దారుల్లోనూ ఒకే ఏడాది వచ్చింది. మీ శాసనంలో శక సంవత్సరానికీ సంవత్సరం పేరుకూ పొత్తు కుదరకపోతే మీరు అంకె తప్పు చదివారన్నమాట, లేదా శాసనంలోనే ఏదో తేడా ఉంది. అది తేలకుండా ముందుకు వెళ్లకండి.

4. కాగితాల వేట

అన్నీ వెతకాల్సిన పనిలేదు. ఈ వరుసలో చూడండి.

ముందు రెవెన్యూ రికార్డు. తెలంగాణలో సేత్వార్ (సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల పట్టిక). ఆంధ్రలో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), పాత అడంగళ్లు (ఏటా సాగు వివరాలు రాసేవి). గ్రామ నక్షా (మ్యాపు) కాపీ తీసుకోండి. చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, ఎన్ని ఎకరాలని రాశారో చూసుకుని, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలతో పోల్చండి. చాలా ఊళ్లలో ఈ తేడా ఒక్కటే పుస్తకంలో ఒక అధ్యాయం అవుతుంది. అయితే ఆక్రమణల విషయంలో రికార్డు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం వరకే రాయండి. విన్న పేర్లు వేస్తే కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తర్వాత జిల్లా జనగణన పుస్తకాలు. వాటిలో ఊరివారీగా ఏ వనరు కింద ఎంత భూమి సాగైందో ఉంటుంది. 1961 లెక్కలప్పుడు జాతరలు, తిరునాళ్ల మీద జిల్లాలవారీగా ప్రత్యేక సంపుటాలే తెచ్చారు. కట్టమైసమ్మ, గంగమ్మ జాతరల సంగతి అక్కడ దొరకవచ్చు.

కైఫియత్తులు ఉన్న ఊరైతే అదృష్టవంతులు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన గ్రామ వృత్తాంతాలవి. ఆయన 1815లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం కడప కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. ఒక జాగ్రత్త: కైఫియత్తులో ఊరు పుట్టుక కథ ఉంటే అది కరణం విన్న మాటే. మీ మార్జిన్‌లో దానికి "చ" కాదు, "వి" వేయాలి. ఆ కరణం తన కాలంలో చెరువు కింద ఎంత మాగాణి సాగవుతోందో రాస్తే మాత్రం దానికి విలువ ఎక్కువ.

పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. గండి పడిన ఏడాది ముందే తెలిస్తే ఆ నెల పత్రికలు మాత్రం తిరగేస్తే చాలు. అందుకే మూడో మెట్టు తర్వాతే ఇది.

5. తూము, కట్ట, రాళ్లు చదవండి

చెరువు ఎండిన రోజుల్లో కట్ట పొడవునా నడవండి. తూము స్తంభాలు, అలుగు రాళ్లు, కట్ట మీది గుడి గోడలు టార్చి పట్టుకుని చూడండి. తెల్లవారుజామునో, సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అరిగిన అక్షరాలు కూడా తేలి కనిపిస్తాయి. రాత్రిపూట పక్క నుంచి టార్చి వేసినా అంతే. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫోటో ఎందుకూ పనికిరాదు.

అక్షరాల్లో సున్నం పూయకండి, పెయింటు నింపకండి, తీగ బ్రష్‌తో రుద్దకండి. చాలా శాసనాలు ఇలా మంచి మనసుతోనే పాడయ్యాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఇదివరకే చదివిన శాసనమేమో కేంద్ర పురావస్తు శాఖ వేసిన దక్షిణ భారత శాసన సంపుటాల్లో చూడండి. తెలుగు శాసనాలకు పదో సంపుటం ముందు తెరవండి. దొరకకపోతే మైసూరులోని ఆ శాఖ శాసన విభాగానికి ఫోటోలతో రాయండి. మీరే ఊహించి పాఠం అచ్చువేయవద్దు.

శాసనమే లేకపోతే? "ఎవరు తవ్వించారో తెలియదు. ఊళ్లో ఫలానా మాట ఉంది" అని రాయండి. ప్రతి చెరువూ కాకతీయులదో, రాయలదో కానక్కర్లేదు. శాసనం ఉన్న పెద్ద చెరువుల గురించి చదివితే మాత్రం మీ చెరువును చూసే కన్ను మారుతుంది. పోరుమామిళ్ల శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. నడిమధ్యన మెరక ఉండటం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఇంకొకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లపాటు పనిచేశారని కూడా ఉంది. మీ చెరువుకు ఆ దోషాల్లో ఏవైనా ఉన్నాయేమో పరీక్షించి రాయండి, బాగుంటుంది.

6. ఏడాదిపాటు చెరువును చూడండి

పదిహేను రోజులకొకసారి, అదే చోట నిలబడి, పొద్దున్నే ఒక గంట. ప్రతిసారీ రాయాల్సినవి: తేదీ, సమయం, తూము రాయి మీద నీరు ఎక్కడిదాకా ఉంది, ఏ పిట్టలు ఎన్ని, నీటిలో ఏ మొక్కలు, మనుషులు ఏం చేస్తున్నారు. ఒక ఫోటో అదే కోణంలో.

పిట్టల పేర్లు ముందు ఊరి పేర్లతో రాసుకోండి. నీటికాకి, లకుముకి, తీతువు, గూడబాతు, నత్తగుల్ల కొంగ. ఒక్కో పిట్టకు పక్క జిల్లాలో వేరే పేరుంటుంది కాబట్టి శాస్త్రీయ నామం కూడా తెలుగు లిపిలో చివర పట్టికగా ఇవ్వండి. గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ సాయపడుతుంది. కానీ యాప్ చెప్పింది ఊహే. ఫోటో తీసి, తెలిసినవాళ్లకు చూపించాకే ఖాయం చేయండి. వలస బాతులు చలికాలంలో వచ్చి ఎండలు ముదరకముందే పోతాయి. వేసవిలో ఒక్కసారి చూసి "మా చెరువుకు పిట్టలు రావడం మానేశాయి" అని రాసేవాళ్లు ఎక్కువ. గూళ్లు ఉన్న చెట్టు ఎక్కడుందో మాత్రం పుస్తకంలో చెప్పకండి. చదివేవాళ్లలో వేటగాళ్లూ ఉంటారు.

ఊరివాళ్లకు తెలిసింది తక్కువేమీ కాదు. కలివికోడి అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1900 తర్వాత దాన్ని చూసినట్టు నమోదే లేదు. 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. అక్కడి మనుషులకు ఆ పిట్ట తెలుసు కాబట్టే దొరికింది. వలవేసే పెద్దాయన "ఈ చేప ఇప్పుడు పడటం లేదు" అంటే ఆ మాట తప్పకుండా రాయండి. ఎప్పటినుంచి అని కూడా అడగండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి. నేడు కనిపిస్తున్నదంతా ఎప్పటినుంచో ఉందనుకోవడం. సర్కారు తుమ్మ మన నేలది కాదు, అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. గుర్రపుడెక్క కూడా అటునుంచి వచ్చిందే. జిలేబీ చేపను (తిలాపియా) మన దేశంలోకి తెచ్చింది 1952లో. రాజులకాలం చెరువును వర్ణిస్తూ కట్ట మీద సర్కారు తుమ్మలు నాటేయకండి.

7. రాయడం

కాలక్రమంలో రాయాలని పట్టు పట్టకండి. చెరువు నిండటంతో మొదలుపెట్టి ఎండిపోవడం దాకా ఒక ఏడాది నడిపించండి. చరిత్ర, జ్ఞాపకాలు ఆ నెలల మధ్యలో వచ్చి చేరతాయి. తొలకరి అధ్యాయంలో గండి పడిన కథ, చలికాలంలో పిట్టలు, వేసవిలో పూడిక తీసిన సంగతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ, నీరు-చెట్టు పనుల్లో మీ చెరువుకు ఏం జరిగిందో, ఆ తర్వాత పొలాలకు తేడా వచ్చిందో లేదో రైతుల మాటల్లోనే రాయండి.

"నేను" అనే మాటకు భయపడకండి, కానీ మీరు అక్కడ ఉన్నప్పుడే వాడండి. "ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లు" లాంటి వాక్యం కనిపిస్తే కొట్టేసి, ఆ మంచితనం చూపిన ఒక పని రాయండి. అలాంటి పని గుర్తు రాకపోతే ఆ వాక్యం అక్కర్లేదు.

8. అచ్చుకు ముందు పరీక్షలు

రాసిన అధ్యాయాన్ని ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు మధ్యలో ఆపి "కాదయ్యా, అది అట్లా కాదు" అన్న ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. ఇద్దరూ వేర్వేరుగా చెబితే రెండూ రాయండి.

తర్వాత పుస్తకంలోని ప్రతి అంకెనూ, ప్రతి తేదీనీ విడిగా ఒక కాగితం మీద దించి, పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. పక్కన ఏమీ రాయలేని అంకెను తీసేయండి.

ప్రూఫుల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఫాంటు మార్పిడి. మీరు యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారుస్తారు. అప్పుడు వొత్తులు చెదురుతాయి. క్ష, ర వొత్తు, పొల్లులు, అంకెల పక్కనున్న విభక్తులు ముందు చూడండి. యూనికోడ్‌తోనే పేజీలు పెట్టగల డీటీపీ దొరికితే ఈ టెన్షన్ ఉండదు. మండలి, రామరాజ, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. కనీసం ఒక ప్రూఫు మీరు కాకుండా వేరేవాళ్లు చదవాలి.

9. అచ్చు, పంపిణీ

డెమ్మీ సైజు బాగుంటుంది. ఫారం అంటే ఒక విడతగా అచ్చయ్యే కాగితం. ఫారానికి పదహారు పేజీలు కాబట్టి పేజీల సంఖ్య పదహారుతో భాగించేలా చూసుకోండి. 128 పేజీలైతే ఎనిమిది ఫారాలు. మొదట రెండు మూడు వందల కాపీలు డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించడం మేలు. వెయ్యి కాపీలు ఆఫ్‌సెట్‌లో వేయించి మంచం కింద పేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు ఐ.ఎస్.బి.ఎన్.ను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేయండి. దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి.

మీ ఊరి బడికి, జిల్లా గ్రంథాలయానికి కాపీలు మీరే స్వయంగా ఇవ్వండి. మాట్లాడిన ప్రతి ఒక్కరికీ పుస్తకంతోపాటు వాళ్ల గొంతు ఉన్న రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లోనో, వాట్సాప్‌లోనో ఇంట్లోవాళ్లకు పంపండి. అసలు ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల దాచి, ఫైలు పేరులోనే మనిషి పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి.